బుచ్చమ్మ మాటల కింద పెన్సిలు గీతలు

ప్రసిద్ధ సాహిత్య కృతులలోని పాత్రలను, ఇతివృత్తాన్ని సొంతంగా అర్థం చేసుకోవాలంటే ఎలా చదవాలి, ముందుగా విమర్శ గ్రంథాలు చదవడం మంచిదా అని మీరు అడిగారు. ముందుగా చదవవద్దని నా గట్టి అభిప్రాయం. మూలాన్ని ఒకసారి పూర్తిగా, రెండోసారి ఒకే ఒక్క పాత్ర వెంట నడుస్తూ చదివిన తరువాత విమర్శ చేతికి తీసుకుంటే, విమర్శకుడితో వాదించడానికి మన దగ్గర కూడా ఏదో ఒకటి ఉంటుంది. ఈ పద్ధతి నాకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ చదువుతున్న రోజుల్లో అనుకోకుండా దొరికింది.

సెలవుల్లో మేము ఐదుగురం మిత్రులం కలిసి గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం నాటకాన్ని పాత్రలు పంచుకుని పైకి చదువుదామని నిర్ణయించుకున్నాం. కంచుకంఠం ఉన్న మిత్రుడు మాటకారి గిరీశాన్ని తీసుకున్నాడు. వేశ్య మధురవాణి కోసం ఇద్దరు పోటీ పడ్డారు. రామప్పంతులు, అగ్నిహోత్రావధానులు, కరటకశాస్త్రి కూడా క్షణాల్లో చెల్లిపోయారు. ఎవరూ అడగని బుచ్చమ్మ నా వంతుకు వచ్చింది. నాకు చాలా చిన్నతనం అనిపించింది, ఎందుకంటే అప్పటికి నా దృష్టిలో బుచ్చమ్మ అంటే గిరీశం మాయమాటలకు లొంగిపోయిన ఒక అమాయకపు బాల వితంతువు మాత్రమే. మా గైడు పుస్తకంలో ఆ మాటే ఉంది, నేను దానినే కంఠస్థం చేశాను.

నా వంతు ఎక్కడ తప్పిపోతానో అన్న భయంతో ముందు రోజు రాత్రి కూర్చుని బుచ్చమ్మ మాటలన్నింటి కిందా పెన్సిలుతో గీతలు గీశాను. మిగతావన్నీ వదిలేసి కేవలం ఆ గీతల వెంట పుటలు తిప్పుతూ పోతుంటే, అంతకుముందు రెండుసార్లు నాటకం చదివినా కనిపించని మనిషి కనిపించడం మొదలుపెట్టింది. ఆమె ఎక్కువగా మాట్లాడదు, మాట్లాడినప్పుడు తన గురించి దాదాపుగా చెప్పుకోదు. చిన్నపిల్ల అయిన చెల్లెలు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టడానికి తండ్రి సిద్ధపడినప్పుడు, ఆ సంబంధం వద్దని ఆయనను బతిమాలుతుంది. మాట అంటే మండిపడే అగ్నిహోత్రావధానుల వంటి తండ్రి ముందు, తన బతుకే ఇంటికి బరువుగా ఎంచబడుతున్న విధవాడపడుచు నోరు తెరిచి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో, మర్నాడు ఆ వాక్యాన్ని పైకి చదివేటప్పుడు గొంతు వణికితే గాని నాకు అర్థం కాలేదు.

అసలు ఘట్టం ఆ తరువాత వచ్చింది. బుచ్చమ్మ తమ్ముడు వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో ఆ ఇంట చేరిన గిరీశం, బుచ్చమ్మను తనతో లేవదీసుకుపోవడానికి తన అమ్ములపొదిలోని బాణాలన్నీ వాడతాడు. వితంతు వివాహం గురించి ఉపన్యాసం ఇస్తాడు, శాస్త్రం చెబుతాడు, తన ప్రేమ గురించి చెబుతాడు. మా మిత్రుడు ఆ మాటలను ఎంతో హుషారుగా చదువుతుంటే అందరూ నవ్వుతున్నారు, మధ్య మధ్య నేను బుచ్చమ్మ చిన్న చిన్న జవాబులు అందిస్తున్నాను. ఆ జవాబులలో ఎక్కడా ఒప్పుకోలు లేదు. నువ్వు నాతో వస్తే మీ చెల్లెలి పెళ్ళి తప్పిపోతుందని గిరీశం అన్న తరువాతే ఆమె మెత్తబడి బయలుదేరడానికి సిద్ధపడుతుంది. నేను చదవడం ఆపేశాను. పుటలు వెనక్కి తిప్పి, తండ్రిని బతిమాలిన చోటునీ ఈ చోటునీ పక్కపక్కన పెట్టి చూపించాను. చెల్లెలిని కాపాడమని మొదట తండ్రిని అడిగింది, అక్కడ దారి మూసుకుపోయింది, చివరికి తన పరువునే పణంగా పెట్టి తానే ఆ పనికి పూనుకుంది. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధానులకు అంటగట్టే ఎత్తు వేశాడని చదువుతున్న మనకు తెలుసు గాని, ఆమెకు తెలియదు. గిరీశాన్ని చదివిన మిత్రుడు ఒప్పుకోలేదు. ఆమెకు అతని మీద మనసు ఉందనీ, చెల్లెలి మాట ఒక సాకు మాత్రమేననీ వాదించాడు. మనసు ఉండవచ్చు, నేను కాదనను. అయితే మనసు ఉన్నప్పటికీ అంతసేపు కదలని మనిషి ఏ మాటకు కదిలిందో చూడమన్నాను. ఆ రోజు మేము ఆ పుట దాటి ముందుకు పోలేకపోయాం.

ఆ ఒక్క వాక్యం పట్టుకోవడంతో నాకు ఇతివృత్తం కూడా మారిపోయింది. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో, విజయనగరం మహారాజావారు సేకరింపజేసిన లెక్కల ప్రకారం విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో ఇలా డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్ళిళ్ళు 1034 జరిగాయనీ, ఆ పిల్లలలో ఏడాది వయసువాళ్ళు సైతం ముగ్గురు ఉన్నారనీ కనిపిస్తుంది. ఆ అంకెలను చదివి సుబ్బి ఒక్కతే ఈ నాటకంలో బాధితురాలని అనుకుంటాం. కాని ముసలివాడికి అమ్ముడైన పిల్ల కొన్నాళ్ళకు ఏమవుతుందో చూపించడానికి గురజాడ వేరే కథ చెప్పనక్కరలేదు, అదే ఇంట్లో బుచ్చమ్మ ఉంది. సుబ్బి రేపటి రూపాన్ని కళ్ళ ముందు పెట్టుకుని కూడా ఆ తండ్రికి కనపడకపోవడమే నాటకంలోని భయంకరమైన విషయమని నేను నమ్ముతున్నాను. కన్యాశుల్కం ఇతివృత్తం సంఘసంస్కరణ అని ఒక్క మాటలో తేల్చేసేవారితో నాకు పేచీ ఇక్కడే. సంస్కరణ గురించి అందరికంటె ఎక్కువగా ఉపన్యసించేది గిరీశం అయినప్పుడు, గురజాడ సంస్కరణను పొగిడాడా, దాన్ని నోటితో పలికేవారిని పరీక్షకు పెట్టాడా అన్నది ఆలోచించవలసిన సంగతి.

అదే సంవత్సరం పరీక్షలో బుచ్చమ్మ పాత్ర చిత్రణ రాయమని ప్రశ్న వచ్చింది. నేను ఈ రెండు ఘట్టాలనూ ముడిపెట్టి, ఆమెను మోసపోయిన అమాయకురాలు అనడం సగం నిజం మాత్రమేనని నాలుగు పుటలు రాశాను. చాలా తక్కువ మార్కులు వచ్చాయి. మా అధ్యాపకులను అడిగితే, దిద్దేవారు అమాయకత్వం, సౌశీల్యం, సోదరీ ప్రేమ అనే ఉపశీర్షికల కోసం చూస్తారనీ, నా జవాబులో అవి లేవనీ అన్నారు. ఇన్నేళ్ళయినా ఆ బాధ నాకు పోలేదు. పాత్రను గుణాల పట్టికగా విడగొట్టి ఒక్కొక్క గుణానికి ఒక్కొక్క మార్కు వేసే ఈ అలవాటు వల్ల, ఎంతో తెలివైన విద్యార్థులు కూడా మధురవాణి అనగానే ఉదాత్త వేశ్య అనీ, లుబ్ధావధానులు అనగానే పిసినారి అనీ చెప్పి ఊరుకుంటున్నారు. ఏ ఘట్టంలో ఆ మనిషికి ఏమి కావాలి, దానికోసం ఎంత వదులుకోవడానికి సిద్ధపడుతున్నాడు అన్న ప్రశ్న వారికి ఎవరూ నేర్పడం లేదు.

మరొక దారి కూడా ఉంది, క్లుప్తంగా చెబుతాను. రచయిత పాత కథను తీసుకున్నప్పుడు ఎక్కడ మార్చాడో చూడండి. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను ఎరిగి ఉండి కూడా నిండు సభలో కాదంటాడు. కాళిదాసు దుర్వాసుడి శాపాన్నీ ఉంగరాన్నీ తెచ్చిపెట్టి, ఆ తప్పును మరపు కిందకు మార్చాడు. భారత కథలోని శకుంతల సత్యం గురించి రాజుతో వాదించి నిలబడుతుంది, కాళిదాసు నాటకం విరహం వైపు, జ్ఞాపకం వైపు సాగుతుంది. ఆ ఒక్క మార్పు దగ్గర నిలబడి ఆలోచిస్తే రెండు కృతుల ఇతివృత్తమూ విమర్శకుడి సాయం లేకుండానే విడిపడుతుంది. కన్యాశుల్కానికి కూడా ఈ పరీక్ష పెట్టవచ్చు, ఎందుకంటే 1897 నాటి ఐదంకాల నాటకాన్ని గురజాడ 1909 నాటికి ఏడంకాలుగా తిరగరాశారు. రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టుకుని మధురవాణి ఎంతగా ఎదిగిందో చూడడం ఏ పాఠకుడికైనా గొప్ప పాఠం.

కాబట్టి మీరు ఏ కృతి చదువుతున్నా, అందరూ వదిలేసిన ఒక పాత్రను ఎంచుకోండి, ఆ మాటల కింద గీతలు గీయండి, వీలైతే పైకి చదవండి. గిరీశం వంటి పాత్ర మనల్ని వెంట లాక్కుపోతుంది, అతనితో పాటు నవ్వుతూ పోతుంటే పక్కన ఎవరు నలిగిపోతున్నారో కనపడదు. చివరి రోజున మేము ఆఖరి అంకం ముగిస్తున్నప్పుడు, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతానని వకీలు సౌజన్యారావు పంతులు చెప్పగానే, మా మిత్రుడు పుస్తకం పైకెత్తి, డామిట్, కథ అడ్డంగా తిరిగింది అని గట్టిగా చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నా పుస్తకంలో పెన్సిలు గీత ఉన్న ఆఖరి పుట కోసం వెనక్కి తిప్పుతూ ఉన్నాను.