తాడూ పామూ సరే, దీపమేదీ?

ప్రశ్న: మాస్టారూ, నా వయసు 29. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ లోకం నిజమేనా అన్న విషయం మీద ఏడాదిగా దొరికిందల్లా చదువుతున్నాను, వీడియోలు చూస్తున్నాను. మాయావాదం, శూన్యవాదం, మనమంతా కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ఉన్నామనే వాదన, ఏదీ వదల్లేదు. మొదట్లో ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు దేనిమీదా ఆసక్తి లేదు. ఇంట్లోవాళ్ళ మాటలన్నీ అల్పంగా అనిపిస్తున్నాయి. ఆఫీసులో మాత్రం మేనేజర్ ఒక్క మాటంటే రాత్రంతా నిద్రపట్టదు. ఉద్యోగం మానేసి పూర్తిగా ఈ అన్వేషణలోకి దిగాలనుంది. ఇది వైరాగ్యమేనా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ మేనేజర్ వాక్యం. మిగతావన్నీ మీరు ఎక్కడో చదివినవి. ఇదొక్కటే మీ సొంతం. లోకమంతా మాయ అయినప్పుడు ఆ ఒక్క పెద్దమనిషికి మినహాయింపు ఎలా దొరికింది?

ఎగతాళి కాదు బాబూ. నేను డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పేరోజుల్లో, శంకరాచార్యుల పాఠం మొదలవగానే వెనక బెంచీ నుంచి ఏటా ఒకే ప్రశ్న వచ్చేది: "అయితే పరీక్ష కూడా మాయేనా సార్?" "మాయే. ఫెయిలవడం కూడా మాయే. మళ్ళీ కూర్చుని రాసేది మాత్రం నువ్వే" అనేవాణ్ని. అందరూ నవ్వేవాళ్ళు. కానీ ఆ పిల్లవాడి ప్రశ్నలో మీ ప్రశ్నలో లేనిదొకటి ఉంది. వాడు తనను భయపెడుతున్న దాని గురించి అడిగాడు. మీరు మిమ్మల్ని ఏమీ చేయలేని వాటి గురించి అడుగుతున్నారు. నక్షత్రాలు నిజమా కాదా అన్నది ఎటు తేలినా మీకు పోయేదేమీ లేదు. "మేనేజర్ నన్ను చేతకానివాడనుకుంటున్నాడు" అన్న మీ నమ్మకం నిజమా కాదా అని తేల్చాల్సి వస్తే మాత్రం చెమట పడుతుంది.

అద్వైతాచార్యులు గౌడపాదులు మాండూక్య కారికలో చెప్పిన తాడూ పామూ మీకు కంఠస్థమే అయి ఉంటుంది. చీకట్లో తాడును చూసి పామనుకుంటాం. దీన్ని చదివినవాళ్ళలో చాలామంది ఆ చీకట్లోనే నిలబడి "అది పాము కాదు, పాము కాదు" అని జపం మొదలుపెడతారు. జపంతో గుండెదడ తగ్గదు. దీపం తెచ్చి, వంగి, ఆ ఫలానా తాడును చూడాలి. లోకంలో ఉన్న తాళ్ళన్నిటి గురించీ ఒక సిద్ధాంతం చేయడం వల్ల కాళ్ళ దగ్గర ఉన్నది ఏమిటో తెలియదు కదా.

రమణ మహర్షి సంగతే చూడండి. 1896 జూలైలో, మదురైలో, పదహారేళ్ళ కుర్రాడిగా మేడగదిలో ఒంటరిగా కూర్చుని ఉండగా ఉన్నట్టుండి చచ్చిపోతున్నానన్న భయం పట్టుకుంది. ఒంట్లో జబ్బేమీ లేదు. ఆయన బ్రహ్మాండం నిజమా అని ఆలోచించలేదు. శవంలా కాళ్ళూ చేతులూ బిగదీసి పడుకున్నాడు, ఊపిరి బిగబట్టి, పెదాలు మూసుకుని, "చచ్చేది ఈ శరీరం కదా, మరి నేను?" అని చూసుకున్నాడు. అంటే ఆ క్షణంలో తనను వణికిస్తున్నదాన్నే ప్రశ్నించాడు. అందరికీ అలా ఒక్క దెబ్బకు తేలిపోదు. కానీ ప్రశ్న ఎక్కడ వేయాలో మాత్రం అక్కడ చూడొచ్చు.

మీరు చేయగలిగింది చెబుతాను. ఒక కాగితం మీద ఎడమవైపు ఒక చిన్న కూడిక గుర్తు, దానికి కుడివైపు ఏడు సెంటీమీటర్ల దూరంలో వేలిగోరు కంటే చిన్న చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని చేయిచాచినంత దూరం నుంచి మెల్లగా దగ్గరికి తీసుకురండి. ఇంచుమించు పాతిక సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. కంటి వెనక నరం బయటికి వెళ్ళేచోట వెలుతురును పట్టే కణాలు లేవు, అందుకని. 1660లలో మారియట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సంగతి ఇది. అయితే చుక్క పోవడం అసలు విశేషం కాదు. చుక్క పోయినచోట మీకు బొక్క కనబడదు, తెల్లకాగితం కనబడుతుంది. గీతల కాగితమైతే గీత తెగకుండా సాగినట్టే ఉంటుంది. లేని సమాచారాన్ని మెదడు పక్కనున్నదాంతో పూడ్చేసింది, పూడ్చానని మీకు చెప్పలేదు.

ఇప్పుడు మీ మేనేజర్ దగ్గరికి వెళదాం. ఈసారి ఆయన వల్ల నిద్ర పట్టనప్పుడు ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువుగీత గీయండి. ఎడమపక్క, ఆ గదిలో కెమెరా ఉంటే దానికి ఏం పడేదో అదే రాయండి. ఉదాహరణకు: "నేను ప్లాన్ పంపాను. నాలుగు గంటల తర్వాత 'చూద్దాం' అని జవాబొచ్చింది." అంతే. కుడిపక్క మిగతాదంతా: నచ్చలేదు, నా మీద నమ్మకం లేదు, ఈ పని పక్కసీటు అతనికి ఇస్తాడు, వచ్చే ఏడాది నన్ను పంపించేస్తారు. ఎడమపక్క రెండు లైన్లు దాటదు, కుడిపక్క పేజీ సరిపోదు. రాత్రంతా మీరు ఉన్నది కుడిపక్కనే. అదంతా అబద్ధమని నేననడం లేదు, కొంత నిజమే కావచ్చు కూడా. కానీ దాన్ని మీరు చూడలేదు, పూడ్చుకున్నారు. కావాలంటే మర్నాడు వెళ్ళి "చూద్దాం అన్నారు, ఏ భాగం మీద సందేహం సార్?" అని అడగొచ్చు. దీపం తేవడమంటే అదే. ఈ పని, మీరు చెప్పిన సిమ్యులేషన్ వాదన రాసిన తత్వవేత్త బోస్ట్రమ్‌ను చదవడం కంటే కష్టం, అందుకే మనవాళ్ళు బోస్ట్రమ్‌ను చదువుతారు. (అన్నట్టు, 2003 నాటి వ్యాసంలో ఆయన మనం సిమ్యులేషన్‌లో ఉన్నామని తేల్చలేదు. మూడు అవకాశాల్లో కనీసం ఒకటి నిజమై ఉండాలన్నాడు, ఇది ఆ మూడింట్లో ఒకటి. వీడియోల్లో మిగతా రెండూ రాలిపోతుంటాయి.)

ఇక ఉద్యోగం. మానొద్దు, ఇప్పుడైతే. సందేహానికి పెట్టింది పేరైన ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ 1641లో అన్నిటినీ అనుమానించే పుస్తకం తెచ్చాడు. దానికి నాలుగేళ్ళ ముందే, 1637లో, ఆ విచారణ సాగినంతకాలం బతకడానికి కొన్ని తాత్కాలిక నియమాలు పెట్టుకున్నానని రాశాడు: ఉన్నదేశం చట్టాలకూ ఆచారాలకూ లోబడి నడుచుకోవడం, ఒకసారి నిర్ణయించుకున్నాక ఊగిసలాడకపోవడం, లోకం కంటే ముందు తన కోరికలను మార్చుకోవడం. అంతటివాడే రోజువారీ బతుకును కదపకుండా పక్కన పెట్టుకుని సందేహించాడు.

వైరాగ్యమా అని అడిగారు. వైరాగ్యం ఉన్నవాడికి ఇంట్లోవాళ్ళ మాటలు అల్పంగా వినిపించవు. మీకున్నది విసుగు. నిద్రా ఆకలీ కూడా తగ్గి, ఏ పనీ చేయబుద్ధి కాని స్థితి వారాల తరబడి సాగుతుంటే అది డిప్రెషన్ కావచ్చు. వేదాంతం పేరుతో దాన్ని దాచిపెట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: మా ఆయన రిటైరయ్యాక వేదాంతం పట్టారు. సంతోషమే. కానీ ఇంటి పని గురించో, నా మోకాళ్ళ నొప్పి గురించో చెబితే "అంతా మిథ్య, దేహం నువ్వు కాదు" అంటారు. ఎదురు చెప్పేంత చదువు నాకు లేదు. ఏమనాలి మాస్టారూ?

జవాబు: చదువు అక్కర్లేదమ్మా, ఆయన చదువుతున్నవాళ్ళే మీ పక్షం. బయటి వస్తువులే లేవన్న వాదాన్ని ఖండిస్తూ బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో శంకరులు ఏమన్నారంటే, అలా వాదించేవాడు కడుపునిండా తింటూ, తృప్తిని అనుభవిస్తూనే "నేను తినడం లేదు, నాకు తృప్తీ కలగడం లేదు" అనేవాడి లాంటివాడు. ఆ పక్క సూత్రమే మెలకువలో అనుభవం కల లాంటిది కాదని చెబుతుంది. శూన్యవాదం చెప్పిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడైతే మూలమధ్యమక కారిక 24వ ప్రకరణంలో, శూన్యతను తప్పుగా పట్టుకోవడం పామును తప్పుగా పట్టుకోవడమేనన్నాడు. వ్యవహారంలో నొప్పి నొప్పే, మందు మందే. ఈ పేజీ ఆయన టేబుల్ మీద పెట్టి, మోకాళ్ళ సంగతి మళ్ళీ చెప్పండి.

ప్రశ్న: సార్, నేను పీజీ చదువుతున్నాను. రాత్రుళ్ళు 'నేనెవరు' అని గంటల తరబడి ధ్యానం చేస్తున్నాను. నిద్ర బాగా తగ్గింది. కొన్ని వారాలుగా అద్దంలో మొహం నాది కానట్టు, గదీ మనుషులూ గాజు వెనక ఉన్నట్టు అనిపిస్తోంది. ఇది ఆత్మజ్ఞానానికి తొలిమెట్టని, ఆపొద్దని ఆన్‌లైన్‌లో ఒకాయన చెప్పారు. నాకు మాత్రం భయంగా ఉంది.

జవాబు: ఆపేయమ్మా. ఈ రాత్రి నుంచే.

దీన్ని డాక్టర్లు డీపర్సనలైజేషన్, డీరియలైజేషన్ అంటారు. తనమీద తనకు పరాయితనం తోస్తే మొదటిది, చుట్టూ ఉన్నది నిజం కానట్టు తోస్తే రెండోది. నిద్రలేమి, టెన్షన్, పానిక్, గంజాయి లాంటి మత్తు పదార్థాలు దీన్ని తెప్పించగలవు. కొందరికి ధ్యానం అతిగా చేసినా వస్తుంది. కాసేపు అలా అనిపించి పోవడం చాలామందికి జరిగేదే. "ఇలా అనిపిస్తోంది" అని గుర్తించగలుగుతున్నావు కాబట్టి పిచ్చెక్కుతోందేమోనని కంగారుపడకు. కానీ వారాలుగా ఉందంటున్నావు, సైకియాట్రిస్ట్‌ను కలవాలి. "అంతా అబద్ధమైతే ప్రాణం మాత్రం ఎందుకు" లాంటి ఆలోచన ఎప్పుడైనా వస్తే మర్నాటికి వాయిదా వేయకు, ఆ గంటలోనే ఇంట్లోవాళ్ళకు చెప్పి ఆస్పత్రికి వెళ్ళు.

అప్పటిదాకా కళ్ళు మూసుకుని చేసే పనులు తగ్గించు. నడువు, ఎవరితోనైనా కబుర్లు చెప్పు, వేళకు పడుకో. డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త ఇలాంటి సందేహాలతో తల తిరిగినప్పుడు ఏం చేసేవాడో 1739లో అచ్చయిన పుస్తకంలో రాసుకున్నాడు. భోంచేసేవాడు, పాచికల ఆట ఆడేవాడు, స్నేహితులతో నవ్వుకునేవాడు. మూడు నాలుగు గంటలయ్యాక మళ్ళీ చూసుకుంటే ఆ ఊహలు చల్లారి, కృత్రిమంగా తోచేవట. తత్వశాస్త్రం వదిలేశాడా అంటే లేదు. ఆపొద్దన్న ఆ పెద్దమనిషి నీ మొహం చూడకుండా సలహా ఇచ్చాడు. నేనూ చూడలేదనుకో, కానీ నేను డాక్టర్ దగ్గరికి పంపుతున్నాను.

ప్రశ్న: నాకు 61. గీత, ఉపనిషత్తులు, ఉపన్యాసాలు, అన్నీ అయ్యాయి. అయినా మా అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే చాలు, "నన్ను లెక్కచేయడం లేదు" అని కోపం తన్నుకొస్తుంది. అది నిజం కాదని తెలుసు. తెలిసీ మారనప్పుడు ఇంత చదివి ఏం లాభం?

జవాబు: ముల్లర్-లయర్ అనే ఆయన 1889లో రెండు గీతలు గీసి చూపించాడు. రెండూ ఒకే పొడుగు. ఒకదాని కొసల్లో బాణం ములుకులు లోపలికి మడిచి ఉంటాయి, ఇంకోదానికి బయటికి విప్పి ఉంటాయి. విప్పినది పొడుగ్గా కనబడుతుంది. స్కేలు పెట్టి కొలవండి, సమానమే. స్కేలు తీసేయండి, మళ్ళీ అదే పొడుగు. వందసార్లు కొలిచినవాడికీ కన్ను అలాగే చెబుతుంది.

మరి కొలిచి ఏం లాభం అంటే, కొలిచినవాడు పొడుగున్నదాన్ని కత్తిరించబోడు. అంతవరకే. మీకు కోపం రావడం ఆగిపోతుందని ఏ ఉపన్యాసకుడైనా మాటిచ్చి ఉంటే ఎక్కువ ఇచ్చాడు. "లెక్కచేయడం లేదు" అని అనిపిస్తుంది, ఇకముందూ అనిపిస్తుంది. అనిపించాక మీరు చేసే రెండో ఫోన్, ఎత్తగానే అనే మొదటి మాట, సాయంత్రం దాకా పట్టే మౌనం, వీటిమీద మాత్రం మీకు చేయి ఉంది. అమ్మాయి మూడుసార్లు ఎత్తలేదు అన్నది స్కేలు. మిగతాది గీత కొసల్లో ములుకులు.

నిజానికి మీరు అడిగింది మార్పు ఉందా లేదా అని కాబట్టి, దానికి సాక్షి మీరు కాదు. ఆమె తీరిగ్గా ఉన్నప్పుడు మీరే అడగండి, ఫోన్ మోగితే ఈమధ్య ఎత్తాలనిపిస్తోందా అని. ఏం చెప్పిందో నాకూ రాయండి, వీలైతే వచ్చే నెల్లోపు.