ప్రైజు వచ్చింది సరే, డిగ్రీ మానేయాలా?

చీమకుర్తి నుంచి ఒక తండ్రి రాశారు. ఆయన గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తారు. కూతురు ఒంగోలులో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం. యూనివర్సిటీ యువజనోత్సవాల్లో అప్పటికప్పుడు బొమ్మ గీసే పోటీలో పాపకి మొదటి బహుమతి వచ్చింది, కాలేజీలో శాలువా కప్పారు, పేపర్లో జిల్లా పేజీలో ఫొటో పడింది. ఆ వారం నుంచే పాప డిగ్రీ ఆపేసి బీఎఫ్‌ఏలో (నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేరతానని పట్టుబట్టింది. "బొమ్మలేసుకుంటా ఎట్టా బతుకుద్ది సార్? వద్దంటే అన్నం తినదు, సరేనంటే మా ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు, టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు" అని అడిగారు.

అన్నా, మీరు వాట్సాప్‌లో పంపినవన్నీ చూశాను. ముందు సర్టిఫికెట్, తర్వాత శాలువా ఫొటో, తర్వాత పేపర్ కటింగ్. చివర్లో, "ఇవి కూడా ఏదో గీస్తా ఉంటది" అని ఒక బిస్కెట్ డబ్బా ఫొటో. అందులో మీ ఫ్యాక్టరీ కాటా చీటీల వెనక బాల్‌పెన్నుతో గీసిన బొమ్మలు. నేను ఎక్కువసేపు చూసింది ఆ డబ్బానే. ఒక చీటీ మీద పాలిషింగ్ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి ఉన్నాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు, కింద బురదనీళ్లు, ఒక మడమ కొంచెం పైకి లేచి ఉంది, ఎక్కువసేపు నిలబడి కాలు నొప్పి పుట్టిన మనిషి అలాగే నిలబడతాడు. పక్కన ఉన్న రాయిని పెన్నుతో గీత మీద గీత వేసి నల్లగా నింపింది, కాగితం గుంట పడేంతగా. మధ్యమధ్యలో చిన్న చిన్న చుక్కలు మాత్రం నింపకుండా తెల్లగా వదిలేసింది. మీ చీమకుర్తి నల్ల గ్రానైట్, బ్లాక్ గెలాక్సీ రాయిలో మెరిసే చుక్కలు అవి. ఈ టాపిక్ మీద గీయమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, మార్కులు లేవు, ప్రైజూ లేదు. మీ ప్రశ్నకి జవాబు నాకు ఈ చీటీల్లోనే కనిపించింది, పాపలో ఉన్నది నిజమైన పని అని నమ్మడానికి నాకు సర్టిఫికెట్ కంటే ఇదే పెద్ద ఆధారం.

అలాగని ప్రైజుని తక్కువ చేయడం లేదు. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిబంధనల ప్రకారం ఈ పోటీలో రెండున్నర గంటలే టైం, 22 అంగుళాలు 15 అంగుళాల కాగితం, టాపిక్ అక్కడికక్కడే చెబుతారు, రంగులూ బ్రష్షులూ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అంత తక్కువ టైంలో చేయి వణక్కుండా కాగితం మొత్తాన్ని నింపి గెలిచిందంటే పిల్లకి ధైర్యం ఉంది, సాధన ఉంది. కానీ ఒక రోజు ఒక టాపిక్ మీద ఒక జడ్జీకి నచ్చిన బొమ్మని నమ్ముకుని నాలుగేళ్ల నిర్ణయం తీసుకోకూడదు.

ఇంకో సంగతి పాపకి మీరే చెప్పండి. యూనివర్సిటీలో గెలిచిన వాళ్లని యూనివర్సిటీ తరఫున సౌత్ జోన్ పోటీలకి పంపిస్తారు, అక్కడ కూడా గెలిస్తే జాతీయ స్థాయి. వాటికి వెళ్లాలంటే 25 ఏళ్ల లోపు ఉండాలి, రెగ్యులర్ స్టూడెంట్ అయి ఉండాలి. డిగ్రీ మధ్యలో మానేస్తే, ఏ గెలుపు వల్ల తనకి ఈ ఉత్సాహం వచ్చిందో ఆ గెలుపుతో ఈ యూనివర్సిటీ తరఫున ముందుకి వెళ్లే అవకాశమే పోతుంది. ఆ వయసు పిల్లలకి మనం చెప్పే వంద నీతుల కంటే ఈ ఒక్క మాట బాగా ఎక్కుతుంది.

అందుకని నా సలహా: డిగ్రీ పూర్తి చేయించండి, చేస్తున్నప్పుడే బొమ్మల పని గట్టిగా మొదలుపెట్టించండి. మానేస్తే ఏమవుతుందో నేను దగ్గర నుంచి చూశాను. కొన్నేళ్ల కిందట నెల్లూరు కుర్రాడు ఒకడు, చేయి బాగా తిరిగినవాడు, ఇలాగే రెండో సంవత్సరంలో మానేసి సిటీలో ఒక యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. వాళ్లు ఉద్యోగం గ్యారంటీ అన్నారు. వాళ్ల నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు. ఏడాది తర్వాత చేతికి వచ్చింది ఏ యూనివర్సిటీ గుర్తింపూ లేని ఒక కాగితం. డిగ్రీ లేదు కాబట్టి తర్వాత ఎక్కడా పీజీ ఎంట్రన్స్‌కి కూడా అప్లై చేసుకోలేకపోయాడు. ఆ రోజు నా దగ్గరికి వచ్చి ఉంటే అడ్డుపడేవాణ్ణి అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

డిగ్రీ అయ్యాక ముందున్న దారులు చెబుతాను. మొదటిది సీడ్, ఐఐటీ బాంబే నిర్వహించే పరీక్ష. ఐఐటీల్లో ఎం.డెస్, అంటే డిజైన్‌లో పీజీ చేయడానికి ఇది ఎంట్రన్స్. బీకాం చదివినా రాయొచ్చు, మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, వయసు పరిమితి లేదు. ఇందులో ఒక భాగం కంప్యూటర్ మీద రాయాలి, రెండో భాగంలో కాగితం మీద గీయాలి. మామూలుగా జనవరిలో జరుగుతుంది, అప్లికేషన్లు అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతాయి, మూడో సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు. (డిజైన్ డిగ్రీలో చేరడానికి ఇంటర్ పిల్లలు రాసే యూసీడ్ గురించి పాప అడిగితే, ఆ టైం దాటిపోయింది, దాని వెనక పడొద్దని చెప్పండి.) రెండోది, నిజంగా పెయింటింగే కావాలనుకుంటే బీఎఫ్‌ఏ మొదటి నుంచీ చేయడం. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలో ఉంది, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఉంది, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉంది. ఇంకో నాలుగేళ్లు పడుతుంది, చాలా చోట్ల ఫైన్ ఆర్ట్స్ పీజీ అయిన ఎంఎఫ్‌ఏకి బీఎఫ్‌ఏనే అడుగుతారు కాబట్టి ఇందులో అడ్డదారి లేదు. మూడోది చిన్నది గానీ పనికొచ్చేది: ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు. ఇవి డిగ్రీ చదువుతూనే రాయొచ్చు, డ్రాయింగ్ టీచర్ వైపు వెళ్లాలంటే తర్వాత ఉపయోగపడతాయి. రేపే లోయర్ గ్రేడ్ నోటిఫికేషన్ సంగతి కనుక్కోండి.

ఎలా బతుకుతుందని అడిగారు, సూటిగానే చెబుతాను. బొమ్మలు అమ్ముకుని మాత్రమే బతికేవాళ్లు తక్కువ, అందులో నెలనెలా ఇంత వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ చేయి తిరిగిన మనిషికి స్కూల్లో డ్రాయింగ్ టీచర్, చీరల డిజైన్, పుస్తకాలకి బొమ్మలు, యాప్‌ల డిజైన్, యానిమేషన్ లాంటి పనులు ఉన్నాయి. బీకాం కూడా వృథా కాదు, సొంతంగా పని చేసుకునేవాళ్లకి జీఎస్టీ, లెక్కలు తెలియక ఎంత నష్టపోతారో మీకు తెలియంది కాదు. పెళ్లి మాట మీరు రాయలేదు గానీ "మా ఇంట్లో వాళ్లు" అన్నప్పుడే నాకు అర్థమైంది. ఇంట్లో వాళ్లతో ఒక్కటి మాట్లాడండి, డిగ్రీ అయ్యాక ఇంకో రెండేళ్లు పాపకి ఇవ్వండి. నాకు ఒక చెల్లెలి కూతురు లాంటి పిల్ల కాబట్టి అడుగుతున్నా.

ఇప్పటి నుంచి చేయాల్సింది పెద్ద ఖర్చు లేనిదే. రోజూ ఇంట్లో మనుషుల్ని చూసి గీయమనండి, ఫోన్‌లో ఫొటో చూసి కాపీ కొట్టడం మానేయమనండి. రోజుకి 5 చాలు, వెనక తేదీ వేయాలి. ఏడాదికి అందులోంచి 15, 20 మంచివి ఏరితే అదే పోర్ట్‌ఫోలియో, అంటే తన పని ఏంటో చూపించే బొమ్మల కట్ట. ఒక ఆదివారం మీ ఇద్దరూ పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లండి, ఎగ్మోర్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం నుంచి తీసుకెళ్లిన శిల్పాలు ఉన్నాయి. రాయి మధ్య పెరిగిన పిల్ల ఆ రాళ్లని చూడాలి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

అన్నిటికంటే ముందు ఒక పని ఆపండి. ప్రైజు వచ్చిన బొమ్మని లామినేషన్ చేయిస్తానని రాశారు, దయచేసి చేయించకండి. ఆ వేడికి పోస్టర్ రంగు పాడవుతుంది, ఒకసారి అతికాక ఊడదీయలేం. ఫ్రేమ్ కట్టించండి, అద్దం బొమ్మకి తగలకుండా చుట్టూ మౌంట్ అట్ట పెట్టమనండి. కాటా చీటీల్ని అసలే ఆ మిషన్‌లో పెట్టొద్దు. ఏటీఎం స్లిప్పుల్లా నున్నగా ఉండే కాగితమైతే వేడి తగలగానే మొత్తం నల్లబడిపోతుంది. బాల్‌పెన్ను ఇంకు ఎండకి వెలిసిపోతుంది కాబట్టి డబ్బాని కిటికీ దగ్గర కూడా ఉంచకండి, ఒక్కో చీటీకి మధ్య తెల్ల కాగితం పెట్టి బీరువాలో దాచండి.

సెమిస్టర్ పరీక్షలు అయ్యాక పాపని తీసుకుని నెల్లూరు రండి, ముగ్గురం కూర్చుని ఏది ముందో ఏది తర్వాతో మాట్లాడదాం. వచ్చేటప్పుడు ఆ బిస్కెట్ డబ్బా మర్చిపోకండి.