దివ్యాంగుల పింఛను పునఃపరిశీలన ఫలితం నెలల తరబడి రాకపోతే ఏమి చేయాలి?

ఉదయగిరి వైపు నుంచి మీ నాన్నగారిని నెల్లూరు తీసుకెళ్లి మళ్లీ పరీక్ష చేయించారు, ఫలితం మాత్రం రాలేదు అంటున్నారు. ముందు మీ ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను కలిసి ఒకటి తేల్చుకోండి: పింఛను ఆగిందా, ఫలితం ఒక్కటే ఆలస్యమా? నెలకు 6,000 రూపాయలు అందుతుంటే కంగారు అక్కర్లేదు.

ఆగి ఉంటే నోటి మాటతో ఊరుకోకండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు జాగ్రత్త చేయండి. ‘పంపించాం, చూస్తాం’ అన్న జవాబుకు రసీదు ఉండదు కదా! ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద నాన్నగారి పేరుతోనే అడగండి: దస్త్రం ఏ తేదీ నుంచి ఎవరి దగ్గర ఉంది? 30 రోజుల్లో జవాబివ్వాలి. నా అనుభవంలో దస్త్రాన్ని కదిలించేది ఎక్కువగా ఈ ప్రశ్నే.

వైకల్య శాతం 40 కన్నా తక్కువ వేస్తే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. పాత సదరం పత్రం (వైకల్య ధ్రువపత్రం), ఎక్స్‌రేలు, మందుల చీటీలు పారేయకండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, నకళ్లు చాలు.

ఆయన్ను ప్రతిసారీ బస్సెక్కించకండి. వాకబుకు మీరొక్కరే వెళ్లవచ్చు.