వంటింటి సందేహాలు: డికాషన్ కేక్‌లోకి కాదు, కేక్ మీదికి

ప్రశ్న: మా పెళ్లిరోజుకి కాఫీ వాల్‌నట్ లేయర్ కేక్ చేశాను మేడమ్. మా ఇంట్లో ఫిల్టర్ కాఫీయే తాగుతాం కాబట్టి ఇన్‌స్టంట్ పొడి బదులు అరకప్పు చిక్కటి డికాషన్ పోశాను. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) బాగానే పొంగింది, తర్వాత మధ్యలో గుంట పడింది. లోపల జిగురు, కాఫీ రుచి మాత్రం లేదు. పొరల మధ్య రాసిన క్రీమ్ కూడా పక్కలకి జారిపోయింది. మా కాఫీ పొడిలో 20 శాతం చికోరీ ఉంటుంది. దానివల్లేనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పాపం, చికోరీని ఏమీ అనకండి. ఈ కేక్ బ్రిటన్‌ది. అక్కడ పాతకాలం నుంచీ దీనికి ఎక్కువగా వాడింది క్యాంప్ కాఫీ అనే సీసా ఎసెన్స్. 1876లో గ్లాస్గోలో మొదలైన సరుకు అది. అందులో కాఫీ కంటే చికోరీయే ఎక్కువ. మీ 20 శాతం ఏపాటి!

చిక్కంతా నీళ్లతోనే వచ్చింది. మైదా, వెన్న, పంచదార, గుడ్లు సమాన తూకంలో వేసే కేక్ ఇది. గుడ్లలో ఉన్న తడే దీనికి దాదాపు సరిపోతుంది. మీరు అరకప్పు పోసేసరికి దోసెల పిండిలా జారైపోయి ఉంటుంది. వేడికి పొంగింది గానీ, నిలబడే సత్తువ లేక కూలింది. ఇక రుచి సంగతి. డికాషన్ ఎంత చిక్కగా దించినా అందులో నీళ్లే ఎక్కువ. పాలల్లోకి చాలే ఆ ఘాటు అంత వెన్నా పంచదారా మధ్య నిలవదు. ఇన్‌స్టంట్ కాఫీ అంటే తాగడానికి నాకూ చిన్నచూపే. కేక్‌కి మాత్రం అదే వేయండి.

మూడు గుడ్లు పెంకులతో సహా తూచండి. 165 గ్రాములు వస్తే మైదా, వెన్న, పంచదార కూడా ఒక్కోటీ అంతే. మైదాలో చెంచాన్నర బేకింగ్ పౌడర్ కలిపి జల్లించండి. పెద్ద చెంచాడు ఇన్‌స్టంట్ పొడిని పెద్ద చెంచాడు వేడినీళ్లలో కరిగించి చల్లార్చండి. వాల్‌నట్స్ గుప్పెడు చాలు. వాటిని దోరగా వేయించి, బట్టలో వేసి రుద్దితే చేదు పొట్టు కొంత రాలుతుంది.

అన్నిటికన్నా వెన్న దగ్గర జాగ్రత్త. వంటల పుస్తకాల్లో ‘గది వేడిలో ఉన్న వెన్న’ అని రాస్తారు. అది 20 డిగ్రీలుండే గది, ఏలూరు వేసవి వంటిల్లు కాదు! మన దగ్గర అలా బయట వదిలేస్తే నూనెలా అయిపోతుంది. నూనెలో గాలి నిలవదు, గాలి లేకపోతే కేక్ గుల్లగా రాదు. ఫ్రిజ్‌లోంచి తీసి, ముక్కలు కోసి, కాస్త మెత్తబడనివ్వండి. వేలితో నొక్కితే సొట్ట పడాలి గానీ వేలు జిడ్డుగా జారకూడదు. సరిగ్గా అప్పుడు పంచదార వేసి, రంగు తెల్లబడేదాకా బీట్ చేయండి. గుడ్లు ఒక్కొక్కటిగా వేయండి. విరిగినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి, చెంచాడు మైదా వేస్తే సర్దుకుంటుంది. తర్వాత కాఫీ, చివర్లో మిగతా మైదా, వాల్‌నట్స్ వేసి గరిటెతో మెల్లగా కలపండి. ఇక బీటర్ ముట్టుకోవద్దు.

రెండు ఏడంగుళాల టిన్నుల్లో సర్ది, ముందే వేడిచేసిన ఓటీజీలో 175 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు. మొదటి ఇరవై నిమిషాలూ తలుపు తీయొద్దు.

ఇప్పుడు మీ డికాషన్‌కి పని పడింది. మూడు చెంచాల చిక్కటి డికాషన్‌లో రెండు చెంచాల పంచదార కరిగించి, వేడి తగ్గని కేకుల మీద పుల్లతో పొడిచి చిలకరించండి. కోసేటప్పుడు గుమ్మున వాసన వస్తుంది. ఈ ఒక్క చోట మాత్రం ఇన్‌స్టంట్ దీనికి సాటి రాదు.

క్రీమ్‌కి 120 గ్రాముల ఉప్పులేని వెన్న, 220 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు చెంచాల ఇన్‌స్టంట్ కాఫీ పొడి. పొడిని చెంచాడు వేడినీళ్లలో కరిగించి, చల్లారాకే కలపండి. కేకులు పూర్తిగా చల్లారాక రాయాలి. ముట్టుకుంటే వెచ్చగా లేకపోయినా నడిమధ్యలో వేడి ఉంటుంది, అందుకే క్రీమ్ జారుతుంది. మీరైతే రాత్రి చేసి, పొద్దున్నే క్రీమ్ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. తినే ముందు ఇరవై నిమిషాలు బయట ఉంచితే చాలు.

ప్రశ్న: వాల్‌నట్స్ బదులు జీడిపప్పు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పలాస పక్కనే ఉండి అడగకుండా ఎలా ఉంటారు లెండి! వేయొచ్చు. కానీ జీడిపప్పు తియ్యన, మెత్తన. కాఫీకి కాస్త చేదు తోడుంటేనే రుచి. పొట్టుతో ఉన్న బాదం వేయించి వేస్తే వాల్‌నట్‌కి దగ్గరగా వస్తుంది. జీడిపప్పే కావాలంటే బాగా ఎర్రగా వేయించి, పలుకులు చేసి పైన చల్లండి.