ఎగుమతి పంటలు వేస్తే చిన్న రైతు ఇంట్లో తిండికి లోటు వస్తుందా?

రావచ్చు. అయితే తప్పు పంటది కాదు, ఉన్న కాస్త నేలనూ దానికే ఇచ్చేయడంలో ఉంది. కాఫీనే తీసుకోండి. మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, కాబట్టి ధర పడిందని వెంటనే పీకేసి తిండిగింజలు వేసుకోలేరు. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని ఎగుమతి కోటాలు, అంటే ఏ దేశం ఎంత కాఫీ ఎగుమతి చేయొచ్చో చెప్పే పరిమితులు, ఆగిపోగానే ధరలు కుప్పకూలాయి. ఆ దెబ్బకు చిన్న రైతులు తట్టుకోలేకపోయారు. మధ్య అమెరికా కాఫీ రైతుల్లో చాలామందికి ఏటా కొన్ని నెలలు ఆకలి తప్పదు. పంట డబ్బు అప్పటికే అప్పులకు, ఖర్చులకు అయిపోతుంది, సరిగ్గా అప్పుడే మార్కెట్లో తిండిగింజల ధర పెరుగుతుంది. ఆదాయం పెరిగి, పిల్లల చదువు సాగే కుటుంబాలూ ఉన్నాయి, అది కాదనలేం. నా సలహా అడిగితే, ముందు ఇంటి తిండికి సరిపడా నేల ఉంచుకుని, మిగిలినదాంట్లోనే ఎగుమతి పంట వేయాలి. సరుకును సహకార సంఘం ద్వారా అమ్మితే బేరమాడే బలం ఉంటుంది.