ముప్పై రోజుల ఛాలెంజ్ పెట్టుకుంటే రోజూ రాసే అలవాటు పడుతుందా?

రోజూ రాయాలని మొదలుపెట్టి వారం తిరక్కుండానే ఆపేస్తున్నానని, నెల రోజుల ఛాలెంజ్ పెట్టుకుంటే ఫలితం ఉంటుందా అని అడిగారు. నేను రెండుసార్లు పెట్టుకున్నాను. ఒకసారి పనిచేసింది.

మొదటిది 2022 నవంబరులో. నానోరైమో (నేషనల్ నావెల్ రైటింగ్ మంత్) గురించి వినే ఉంటారు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 21 మందితో మొదలైన సరదా అది. నెల రోజుల్లో 50,000 మాటల నవల, అంటే రోజుకు 1,667. ఆ లెక్కని ఉన్నదున్నట్టు తెలుగుకి తగిలించి బోల్తా పడ్డాను. ‘వెళ్ళలేకపోయానని’ అన్నది మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో అయితే ఐదు కావాలి! రాత్రి గిన్నెలు సర్దుకుని పదకొండింటికి కూర్చుంటే ఏ రోజూ ఏడు వందలు దాటేవి కావు. లెక్క పెరగడానికి ‘ఎందుకంటే’ని ‘ఎందుకు అంటే’ అని విడగొట్టి రాసిన రోజులూ ఉన్నాయి, నవ్వకండి. దానికి తోడు ఫ్యామిలీ గ్రూపులో ముందే చాటింపు వేసుకున్నాను. “నవల ఎంతవరకు వచ్చింది?” అని మా పిన్ని రోజూ అడిగేది. పదకొండో రోజుకి బాకీ పదివేల మాటలు దాటింది. పన్నెండో రోజు లాప్‌టాప్ తెరవలేదు.

రెండోసారి ఎవరికీ చెప్పలేదు. రోజుకి నాలుగు వాక్యాలు, అంతే. నేను మియాపూర్‌లో మెట్రో ఎక్కుతాను. మొదటి స్టేషన్ కాబట్టి పొద్దున్నే వెళ్తే సీటు దొరుకుతుంది. రైలు కూకట్‌పల్లి దాటగానే జేబు పుస్తకం తెరవాలి, ఎర్రగడ్డ రాగానే మూసేయాలి. రాసేది కంటికి కనబడిన ఏదో ఒక విషయం. తొమ్మిదో రోజుది ఇదిగో:

“భరత్‌నగర్‌లో ఒకాయన మునక్కాయల కట్టతో ఎక్కాడు. కట్ట ఆయన నడుము దాకా ఉంది. తలుపు మూసుకుంటుంటే చివర్లు విరక్కుండా చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంట్లో ఎంతమందో.”

గొప్పగా ఏం లేదు. రైలు కుదుపులకి అక్షరాలు కూడా కోడి కెలికినట్టున్నాయి. కానీ రాసే ముందు ‘ఏం రాయాలి’ అనే టెన్షన్ పోయింది, నాకు అదే పెద్ద లాభం. ఆఫీసు ఉన్న రోజు ఒక్కటీ తప్పలేదు. నేను రైలెక్కని ఆదివారాలు నాలుగు వస్తే మూడు ఎగిరిపోయాయి. అంటే నన్ను రాయించింది నా పట్టుదల కాదు, ఆ సీటు. మీరూ ఛాలెంజ్ ఎంచుకునే ముందు ఆ సీటేదో వెతుక్కోండి. పాలు కాగే టైమైనా సరే, పిల్లల ట్యూషన్ బయట ఎదురుచూసే అరగంటైనా సరే.

30 రోజులకే అలవాటు పాతుకుపోతుందని మాత్రం అనుకోకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు 96 మందిని గమనిస్తే, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని వాళ్ళ అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. నా అసలు తప్పు 31వ రోజు జరిగింది. ఛాలెంజ్ గెలిచాననే ఊపులో రోజుకో పేజీ అని పెంచేశాను. ఐదు రోజులు పుస్తకం బ్యాగులోనే ఉండిపోయింది. మళ్ళీ నాలుగు వాక్యాలకే దిగాను.

ఇప్పుడు ఐదో పుస్తకం నడుస్తోంది. ఆదివారాలు ఇప్పటికీ కుదరడం లేదు.