ఇంజిను మీద నేరం మోపేముందు ఇరుసు చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది, వీడియో కూడా చూశాను. కంప్యూటర్‌లో నువ్వు కట్టిన 1936 నాటి జర్మన్ రేసు కారు ఆటో యూనియన్ టైప్ సి ప్రతి మలుపులోనూ బొంగరంలా తిరిగిపోతోంది. "ఇంజిను వెనక ఉంది కదా మామయ్యా, అందుకే ఇలా" అని రాశావు. ఆ మాట దగ్గర నా మనసు ఒప్పలేదు. ఆ కారు గురించి అందరూ చెప్పే మాటే అది. అయినా పరీక్షించి చూడకుండా నీ ప్రాజెక్టులో రాయవద్దు. ముప్పై అయిదేళ్లు బస్సుల కింద, కమాన్ కట్టల మధ్య గడిపినవాడిగా అడుగుతున్నాను: మొదట వెనక ఇరుసు చూడు.

ఆ ఇంజినును ఈ కారు రూపకర్త ఫెర్డినాండ్ పోర్షె ఊరికే వెనక పెట్టలేదు. గ్రాండ్ ప్రీ రేసులకు 1934లో వచ్చిన నిబంధన ప్రకారం డ్రైవరు, ఇంధనం, నూనె, నీళ్లు, టైర్లు లెక్కలోకి తీసుకోకుండా కారు బరువు 750 కిలోలు మించకూడదు. ఇంజిను ఎంత పెద్దదైనా ఫరవాలేదు. బరువుకు కళ్లెం వేస్తే వేగం దానంతట అదే అదుపులో ఉంటుందని నిబంధన రాసినవాళ్లు అనుకున్నారు. జర్మన్లు కారును వీలైనంత తేలికగా కట్టి, మిగిలిన బరువంతా ఇంజినుకే ఇచ్చేశారు. పోర్షె వేసిన పదహారు సిలిండర్ల ఇంజిను మొదట 4.4 లీటర్లు, సుమారు 295 గుర్రాల శక్తి. 1936 నాటికి అది 6 లీటర్లకు పెరిగి 520కి చేరింది. డ్రైవరుకూ ఇంజినుకూ మధ్య, అంటే కారు నడిమధ్యన ఇంధనం ట్యాంకు పెట్టారు. రేసు మొదట్లో నిండుగా ఉన్నా, చివర్లో ఖాళీ అయినా ముందు వెనక చక్రాల మీద బరువు పంపకం పెద్దగా మారదు. ట్యాంకు తోకలో ఉన్న కారు నడిపేవాడికి ఈ సుఖం లేదు. ఇంత ఆలోచించి పెట్టినదాన్ని తప్పు అనాలంటే గట్టి సాక్ష్యం కావాలి.

ఇప్పుడు ఇరుసు సంగతి. దీన్ని స్వింగ్ యాక్సిల్ అంటారు. ఇంజిను శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే పళ్లచక్రాల పెట్టెను డిఫరెన్షియల్ అంటారు; దానికి రెండు పక్కలా కీలు పెట్టి, అటొక సగం ఇటొక సగం ఇరుసు వేలాడదీస్తారు. చక్రం ఆ సగానికి బిగించి ఉంటుంది కాబట్టి, పైకి కదిలినా కిందికి కదిలినా వంగకుండా కదలలేదు. బొమ్మలో చూస్తే ఇది అర్థం కాదు. ఈ సాయంత్రం ఒక అగ్గిపెట్టె, రెండు అగరుబత్తి పుల్లలు, రెండు సీసా మూతలు తీసుకో. మూతలను పుల్లల చివర కదలకుండా అతికించి, రెండో చివరలను అగ్గిపెట్టెకు దారంతో కట్టు. నేల మీద ఉంచి అగ్గిపెట్టెను నెమ్మదిగా పైకి ఎత్తు. మూతలు గరాటులా కింద దగ్గరై, పైన దూరమవుతాయి. టైరు వెడల్పంతా నేలను పట్టుకోవడం మానేసి ఒక అంచు మీద నిలబడుతుంది. అసలే ఆ కాలపు టైర్లు సన్నవి.

మలుపులో ఆ అగ్గిపెట్టెను ఎత్తేది ఎవరు? రోడ్డే. బయటి చక్రాన్ని రోడ్డు లోపలికి నెడుతుంది, కీలు ఎత్తున ఉంది కాబట్టి ఆ నెట్టుడు కారు వెనక భాగాన్ని పైకి లేపుతుంది. సరిగ్గా అప్పుడే డ్రైవరు భయపడి యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకు పోయి, తోక ఇంకా లేస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. 1970ల చివర అరకు నుంచి ఘాట్ దిగుతున్నాను. కారు మిత్రుడిది, మన దేశంలోనే తయారైన చిన్న కారు, దానికి వెనక ఇరుసు ఇదే రకం. వాన అప్పుడే వెలిసింది. మలుపు మధ్యలో ఎదురుగా లారీ కనబడగానే కాలు తీసేశాను. కింద జాకీ పెట్టి లేపినట్టు వెనక భాగం లేచింది, మరుక్షణం తోక బయటికి తిరిగి, కొండ వైపు కాలువలో పడ్డాం. ఎవరికీ దెబ్బలు తగలలేదు. దిగి వెనక్కి వెళ్లి చూస్తే చక్రాలు రెండూ గరాటులా నిలబడి ఉన్నాయి. ఆ కారు ఇంజిను ఎక్కడ ఉందో తెలుసా? ముందు.

కాబట్టి నీ నమూనాలో మొదట సరిచేయాల్సింది ఇది. వెనక చక్రాల వాలును స్థిరమైన అంకెగా ఇచ్చావేమో చూడు. కారు లేచి దిగే కొద్దీ అది మారాలి. తరువాత చట్రం. నువ్వు దాన్ని రాయిలా గట్టిగా తీసుకున్నావు. నిజానికి గొట్టాలు అతికి కట్టిన ఆ చట్రం మెలిపడేది. తొలి కార్లలో రేడియేటర్ నీళ్లు కూడా ఆ గొట్టాల గుండానే పంపారు, అతుకులు పగిలి కారడంతో ఆ పద్ధతి మానేశారు. డిఫరెన్షియల్ కూడా మామూలుది పెట్టకు. లోపలి చక్రం ఉత్తినే తిరిగిపోతోందని పోర్షె అడిగితే, జడ్‌ఎఫ్ సంస్థ జారుడును అదుపు చేసే డిఫరెన్షియల్ తయారుచేసి ఇచ్చింది.

మెర్సిడెస్ కథ నీకు ఎక్కువ ఉపయోగపడుతుంది, ఇక్కడ కాస్త నిలిచి చదువు. ఆటో యూనియన్‌కు ప్రత్యర్థులైన వాళ్ల డబ్ల్యూ25 రేసు కారులో ఇంజిను ముందు ఉండేది, ఇరుసు మాత్రం స్వింగ్ యాక్సిలే. 1936లో ఆ కారు ఎంత ఇబ్బంది పెట్టిందంటే, సీజన్ ముగియకముందే వాళ్లు పోటీల నుంచి తప్పుకున్నారు. అప్పుడు రుడోల్ఫ్ ఊలెన్‌హౌట్ అనే ఇంజినీరుకు బాధ్యత అప్పగించారు. వయసు ముప్పై. అతను చేసిన పని నాకు ఎంతో ఇష్టం: డ్రైవర్లు చెప్పింది విని ఊరుకోకుండా, కార్లను జర్మనీలోని న్యూర్బుర్గ్‌రింగ్ రేసు బాటకు తీసుకెళ్లి స్వయంగా నడిపి చూశాడు. సుమారు 22.8 కిలోమీటర్ల చుట్టు, ఎత్తుపల్లాలు, లెక్కలేనన్ని మలుపులు. అప్పటిదాకా అందరూ స్ప్రింగులు బిగువుగా పెట్టేవారు, చట్రం మాత్రం వదులుగా ఉండేది. దాంతో చట్రమే స్ప్రింగులా మెలిపడేది. ఊలెన్‌హౌట్ దాన్ని తిరగేశాడు. చట్రం గట్టిగా, స్ప్రింగులు మెత్తగా, చక్రానికి ఎక్కువ కదలిక, దాన్ని అణచడానికి హైడ్రాలిక్ షాక్ అబ్జార్బర్లు. వెనక డి డియాన్ ఇరుసు వేశాడు. అందులో రెండు చక్రాలనూ ఒక గొట్టం కలుపుతుంది, కారు లేచినా దిగినా చక్రాలు నిటారుగానే ఉంటాయి. 1937లో వచ్చిన డబ్ల్యూ125 అదే. శక్తి దాదాపు 600 గుర్రాలకు చేరినా డ్రైవర్ల చేతికి లొంగింది, మెర్సిడెస్ డ్రైవరు కారాచియోలా ఆ ఏడాది యూరప్ చాంపియన్ అయ్యాడు.

ఇక నడపడం గురించి. ఆటో యూనియన్‌ను బెర్న్ట్ రోజెమైయర్ ఒక్కడే నడపగలిగాడని రాశావు. అది సరికాదు. 1934లోనే హాన్స్ స్టుక్ జర్మన్, స్విస్, చెకోస్లోవాక్ గ్రాండ్ ప్రీలు మూడూ దానితో గెలిచాడు. అకిల్లె వార్జి కూడా గెలిచాడు. అయితే రోజెమైయర్ మోటారుసైకిళ్ల నుంచి నేరుగా ఈ కారెక్కాడు, పాత రేసు కార్ల అలవాట్లు ఏవీ అతనికి లేవు. 1936లో పొగమంచులో ఐఫెల్ రేసు గెలిచి, ఆ ఏడాది చాంపియన్ కూడా అయ్యాడు. అతను కూర్చునే చోటు గమనించు: ముందు చక్రాలకు బాగా దగ్గర. మెర్సిడెస్ డ్రైవరు వెనక ఇరుసు దగ్గర కూర్చుంటాడు, తోక జారడం మొదలవగానే నడుముకు తెలుస్తుంది. ఆటో యూనియన్‌లో ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. నీ సిమ్యులేటర్‌లో అసలు అందదు, కన్ను ఒక్కటే ఆధారం. అందుకే వేగం తగ్గించే పనంతా మలుపుకు ముందే, స్టీరింగ్ తిన్నగా ఉండగానే పూర్తిచేయి. మలుపులోకి వెళ్లాక యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా, నిలకడగా ఉంచు. తోక జారుతుంటే స్టీరింగ్‌ను ఎదురు తిప్పు, కాలు మాత్రం ఒక్కసారిగా తీయకు. మొదట్లో ఇది నీకు కష్టంగా ఉంటుంది.

తరువాత రెండు పరీక్షలు చేయి. ఒకే మలుపు, ఒకే వేగం, మధ్యలో కాలు తీయడం. మొదటి దాంట్లో ఇంజిను వెనకే ఉంచి ఇరుసు ఒక్కటే మార్చు. రెండో దాంట్లో స్వింగ్ యాక్సిల్ ఉంచి ఇంజినును ముందుకు జరుపు. చరిత్రలో దీనికి దగ్గరగా ఒకటి జరిగింది. 1938లో వచ్చిన ఆటో యూనియన్ టైప్ డిలో ఇంజిను వెనకే ఉంది, ఇరుసు డి డియాన్‌కు మారింది. ఇటలీ డ్రైవరు నువొలారి దానితో ఆ ఏడాదే ఇటలీలోని మోంజాలోనూ, ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్‌లోనూ గెలిచాడు. అయితే ఇంజిను 3 లీటర్లకు తగ్గింది, డ్రైవరు కూర్చునే చోటు వెనక్కి జరిగింది. అందుకే గొప్పంతా ఇరుసుకే కట్టబెట్టకు. ఒక్కొక్కటిగా మార్చి చూసే అవకాశం నీకు ఉంది.

నీ నివేదికలో మరో సంగతి తప్పక రాయి. ఈ రెండు జట్లకూ నాజీ ప్రభుత్వం డబ్బిచ్చింది, వాటి గెలుపులను తన ఘనతగా చాటుకుంది. యుద్ధకాలంలో త్స్వికావ్‌లోని ఆటో యూనియన్ కార్ఖానాలో నిర్బంధ శిబిరపు ఖైదీల చేత పని చేయించారు. నువ్వు చదువుకుంటున్న ఊరు అదే. సాంకేతిక విషయం కాదని దీన్ని పక్కన పెట్టవద్దు.

ఆదివారం అక్కడి ఆగస్ట్ హోర్ష్ మ్యూజియానికి వెళ్లు. రేసు కారు కనిపిస్తే అందరిలా ముందు నిలబడి ఫోటో తీసుకోకు. వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, చక్రాల కింది అంచులూ పై అంచులూ ఎంతెంత ఎడంగా ఉన్నాయో చూడు. నేలకు కీలు ఎంత ఎత్తున ఉందో కంటి అంచనాతో రాసుకో. ఆ కాగితం ఫోటో తీసి పంపితే మిగతా లెక్క ఫోన్లో కలిసి వేద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య